ఎముక గుల్లబారిందో లేదో ఏ స్కాన్ చెబుతుంది? డెక్సా, సీటీ, ఎంఆర్‌ఐల మధ్య ఎంపిక

కిందటేడాది దసరా వెళ్లిన వారంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గుడ్డ సంచి నిండా ఫిల్ములతో మా స్కానింగ్ సెంటర్‌కు వచ్చారు. అరవై ఎనిమిదేళ్లు. సైదాబాద్ నుంచి వాళ్లబ్బాయి కారులో తీసుకొచ్చారు. నడుము నొప్పి, ఎడమ కాలు లాగడం, వీధి చివరిదాకా నడిచేలోపు రెండుసార్లు కూర్చోవాల్సి రావడం, ఇవీ ఆవిడ బాధలు. నడుములోని నాలుగో పూసను, ఐదో పూసను స్క్రూలతో బిగించాలని సర్జన్ గారు చెప్పారట. అంతకుముందు ఎముక బలం చూపించుకు రమ్మని చీటీ రాసిచ్చారు. ఆ చీటీని నా బల్ల మీద పెట్టి అబ్బాయి అడిగారు: “డాక్టరమ్మా, మూడు వారాల క్రితమే ఎంఆర్‌ఐ తీయించాం. అంత పెద్ద స్కాన్‌లో ఎముక ఎలా ఉందో కనబడదా? మళ్లీ ఇంకో పరీక్ష ఎందుకు?”

న్యాయమైన ప్రశ్న. రేడియాలజిస్టుగా ఈ మాట తరచూ వింటాను. కౌంటర్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎముక బలం తెలుసుకోవడం కోసమే అయితే కొత్తగా ఎంఆర్‌ఐ తీయించుకోవద్దు, ఎముకలో ఖనిజం ఎంతుందో ఎక్స్‌రేలతో కొలిచే డెక్సా చేయించుకోండి. అయితే వేరే కారణంతో నడుముకు ఎంఆర్‌ఐ గానీ సీటీ గానీ ఇప్పటికే తీసి ఉంటే, ఎముక గురించిన సమాచారం అందులో ఊరికే పడి ఉంటుంది. దాన్ని చదివించుకోకుండా బీరువాలో పెట్టేయకండి. వెన్నుకు ఆపరేషన్ అనుకుంటున్నవాళ్లు మాత్రం ఒక్క డెక్సా అంకెనే నమ్ముకుని ఆపరేషన్ బల్ల ఎక్కవద్దు.

డెక్సా: అన్నిటికీ కొలబద్ద, కానీ చూసేది నీడను

డెక్సా రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్‌రేలను నడుము మీదుగా, తుంటి మీదుగా పంపి, ఎముకలోని ఖనిజం వాటిని ఎంత అడ్డుకుందో లెక్కగడుతుంది. పది పదిహేను నిమిషాల పని. బట్టలతోనే పడుకోవచ్చు. అందే రేడియేషన్ కూడా ఒకటి రెండు రోజుల్లో ప్రకృతి నుంచి మనకు సహజంగా అందే మోతాదు పాటిది. ఖర్చు ఎంఆర్‌ఐతో పోలిస్తే బాగా తక్కువ.

రిపోర్టులో కనిపించే టీ స్కోర్ మన ఎముకను ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి చెప్పే అంకె. మైనస్ 1 వరకు మామూలు. మైనస్ 2.5 దగ్గర, లేదా అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే మనం ఎముకలు గుల్లబారడం అనుకునే జబ్బు. ఆ రెంటి మధ్యది బలం తగ్గుతున్న దశ. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతలివి. అవి డెక్సా కోసం గీసినవన్న సంగతి గుర్తుంచుకోవాలి. మందు ఎప్పుడు మొదలుపెట్టాలి, పనిచేస్తోందా, రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంత వంటి లెక్కలన్నీ ప్రధానంగా డెక్సా అంకెల మీదే కట్టినవి. ఎంఆర్‌ఐ ఎంత ఖరీదైనదైనా ఈ విషయంలో డెక్సా స్థానం దానికి లేదు.

మరి లోపం ఎక్కడ? డెక్సా చూసేది నీడను. పడుకున్న మనిషి ముందు నుంచి వెనక వరకు ఉన్నదంతా ఒకే బొమ్మలో కలిసిపోతుంది. వయసుతో పూసల అంచుల్లో పెరిగే ముళ్లు, వెనక కీళ్లలో గట్టిపడిన ఎముక, పూసలకు ముందున్న పెద్ద రక్తనాళం గోడలో పేరుకున్న సున్నం, అన్నీ ఖనిజం కిందే జమవుతాయి. కూలి పొట్టిగా అయిన పూస కూడా దట్టంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే నడుము బాగా అరిగిన పెద్దవాళ్లలో వెన్ను అంకె ఉన్నదానికంటే మెరుగ్గా వస్తుంది. నడుము నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే.

కాబట్టి డెక్సా రిపోర్టు చేతికొచ్చాక చివరి వాక్యం చదివి ఊరుకోవద్దు. పూసపూసకూ వేసిన అంకెలు చూడండి. పక్క పూసతో ఒక పూస స్కోర్ 1 కంటే ఎక్కువ తేడాగా ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయాలన్నది నియమం. సగటు వేయడానికి కనీసం రెండు పూసలైనా మిగలాలి. ఆ తర్వాత తుంటి అంకె చూడండి. వెన్ను, తుంటి రెండూ కొలవడానికి వీలు లేనప్పుడు ముంజేయి కొలుస్తారు. డెక్సా రాసేటప్పుడే తుంటి, వెన్ను రెండూ రాయమని మీ డాక్టర్‌ను అడగడం మంచిది.

కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉచిత శిబిరాలు పెట్టి మడమను యంత్రంలో ఉంచి ఎముక బలం చెబుతుంటారు. అది అల్ట్రాసౌండ్. దాని టీ స్కోర్, డెక్సా టీ స్కోర్ ఒకటి కావు. ఆ కాగితం చూసి భయపడి మందులు కొనవద్దు, బాగుందని నిశ్చింతగానూ ఉండవద్దు.

సీటీ: తీసి ఉంటే వదులుకోవద్దు

కిడ్నీలో రాయి అనుకునో, కడుపు నొప్పికో తీసిన సీటీలో నడుము పూసలు కూడా పడతాయి. సీటీలో ప్రతి చుక్కకూ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. మొదటి నడుము పూస లోపలి మెత్తని భాగంలో కొలిచినప్పుడు 160 పైన ఉంటే గుల్లబారే జబ్బు ఉండే అవకాశం తక్కువ. 110 కంటే కిందికి వస్తే గట్టిగా అనుమానించాలి. 2013లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం నుంచి ఈ హద్దులు వాడుకలోకి వచ్చాయి. ముళ్లను, గట్టిపడిన అంచులను పక్కనబెట్టి లోపలి ఎముకను మాత్రమే కొలవగలగడం సీటీకున్న బలం. స్క్రూ దిగే చోటనే కొలవవచ్చు కూడా. రక్తనాళంలోకి రంగు మందు ఎక్కించి తీసిన సీటీలో అంకె కొంచెం పెరుగుతుంది, అది గమనించుకోవాలి. రేడియేషన్ డెక్సా కంటే వందల రెట్లు ఎక్కువ కాబట్టి ఎముక బలం కోసమే సీటీ తీయించుకోమని నేను చెప్పను.

ఎంఆర్‌ఐ: కొవ్వు చెప్పే కథ

ఎంఆర్‌ఐ ఎముకలోని ఖనిజాన్ని నేరుగా చూడలేదు. అది చూసేది నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్‌ను. మరి ఎముక సంగతి దానికెలా తెలుస్తుంది? పూస లోపల సన్నని ఎముక రేకులు అల్లిబిల్లిగా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య సందుల్లో మూలుగ ఉంటుంది. వయసుతో, ముట్లుడిగాక, స్టెరాయిడ్ల వాడకంతో ఆ రేకులు పలచబడి తెగిపోతుంటే, ఖాళీ అయిన చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. ఎంఆర్‌ఐలో టీ1 అనే రకం బొమ్మలో కొవ్వు తెల్లగా మెరుస్తుంది, నీరు నల్లగా ఉంటుంది. (టీ1కీ టీ స్కోర్‌కూ సంబంధం లేదు, పేర్లు మాత్రమే దగ్గర.) అంటే పూసలు టీ1 బొమ్మలో ఎంత తెల్లబారితే, లోపల ఎముక అంత తగ్గి కొవ్వు అంత పెరిగిందన్నమాట.

ఈ తెలుపును అంకెగా మార్చే పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2019, 2020లలో ప్రచురించారు. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో దాన్ని వీబీక్యూ అంటారు, అంటే వెన్నుపూస ఎముక నాణ్యత స్కోర్. టీచరమ్మ సీడీని కంప్యూటర్‌లో పెట్టి వాళ్లబ్బాయి ఎదుటే కొలిచాను. వెన్నును నిలువుగా సరిగ్గా నడిమికి కోసినట్టుండే టీ1 బొమ్మ తెరిచి, మొదటి నడుము పూస మధ్యలో మౌస్‌తో ఒక వలయం గీశాను. పై అంచు, కింది అంచు, వెనకనుంచి లోపలికొచ్చే సిర తగలకుండా. అంకె 322. రెండో పూసలో 338, మూడోదానిలో 346, నాలుగోదానిలో 371. వరుసలో మధ్యనున్న రెండింటి సగటు 342. తర్వాత మూడో పూస ఎదురుగా, నరాల చుట్టూ ఉండే నీటిలో చిన్న వలయం గీస్తే 101 వచ్చింది. ఎంఆర్‌ఐ అంకెలు యంత్రాన్ని బట్టి మారిపోతాయి కాబట్టి పూసల అంకెను అదే బొమ్మలోని ఈ నీటి అంకెతో భాగిస్తారు. 342ను 101తో భాగిస్తే సుమారు 3.4. ఇక్కడ స్కోర్ పెరిగితే ఎముక బలహీనం. డెక్సాకు ఇది తలకిందులు. రిపోర్టులు చదువుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే.

మరి 3.4 అంటే ఎంత చెడ్డ? ఇక్కడ కచ్చితంగా ఉండాలి. డెక్సాకున్నట్టు ఎంఆర్‌ఐ స్కోర్‌కు అందరూ ఒప్పుకున్న గీత లేదు. ఒక్కో అధ్యయనం ఒక్కో హద్దు చెప్పింది. 1.5 టెస్లా యంత్రానికీ 3 టెస్లా యంత్రానికీ (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) తేడా నీటి అంకెతో భాగించినా పూర్తిగా పోదు. డెక్సాతో దీనికి పొంతన మోస్తరుగానే ఉంటుంది. అందువల్ల ఆ స్కోర్ చూసి నేను ‘ఆస్టియోపోరోసిస్ ఉంది’ అని రిపోర్టులో రాయను. ‘మూలుగలో కొవ్వు పెరిగినట్టుంది, ఎముక బలహీనంగా ఉండవచ్చు, డెక్సాతో సరిచూడండి’ అని రాస్తాను. ఆ ఒక్క వాక్యం చాలు, సర్జన్ జాగ్రత్తపడడానికి. ఈ స్కోర్ ఎక్కువగా ఉన్నవాళ్లలో చిన్న దెబ్బకే ఎముకలు విరగడం, ఆపరేషన్ తర్వాత స్క్రూలు వదులవడం, పూసల మధ్య పెట్టిన దిమ్మె కిందికి దిగబడడం ఎక్కువని అధ్యయనాలు వచ్చాయి.

దీనికి కావలసినవి మూడు. టీ1 నిలువు బొమ్మలు ఉండాలి. అవి రంగు మందు ఎక్కించకముందు తీసినవై ఉండాలి. కొవ్వును అణిచేసే పద్ధతిలో తీసినవి కాకూడదు. మన దగ్గర నడుము ఎంఆర్‌ఐతోపాటు ‘మొత్తం వెన్ను స్క్రీనింగ్’ అని త్వరగా తీసి ఇస్తుంటారు. అందులో చాలాసార్లు టీ1 ఉండదు. అసలు నడుము బొమ్మల్లోనే చూడాలి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి. ఫిల్ము మీద ఈ అంకెలు ఉండవు. ఎంత మంచి ఫిల్మయినా అది కంటికి చూపేందుకే, దాని మీద వలయం గీసి కొలవలేం. ఫోనులో పంపిన ఫొటోలతో అసలే కుదరదు. అసలు సమాచారం డైకామ్ అనే స్కాన్ కంప్యూటర్ ఫైళ్లలో ఉంటుంది, అవి సీడీలోనో, సెంటర్ వాళ్లిచ్చే లింకులోనో దొరుకుతాయి. ఎంఆర్‌ఐ తీయించుకున్న రోజే ‘ఫిల్ములతోపాటు సీడీ కూడా ఇవ్వండి’ అని అడిగి తీసుకోండి. లింకు ఇస్తే వెంటనే దించుకుని దాచుకోండి, కొన్నాళ్లకు అది తెరుచుకోకపోవచ్చు. సంచిలో అడుగున సీడీ ఉండబట్టే టీచరమ్మకు ఆ రోజు కొలవగలిగాను.

మన ప్రాంతంలో స్కాన్లు మోసపోయే చోట్లు

ఇతర దేశాల అధ్యయనాలను ఉన్నపళంగా మన మనుషులకు అతికించడం నాకు నచ్చదు. కారణాలున్నాయి.

మొదటిది ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి హైదరాబాద్‌కు వైద్యానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు. నీళ్లు మారినా ఎముకలో చేరింది అంత త్వరగా పోదు. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక డెక్సాలో దట్టంగా కనబడుతుంది, సీటీలో అంకె పెరుగుతుంది, ఎంఆర్‌ఐలో నల్లగా పడి స్కోర్ తగ్గుతుంది. అంటే మూడు స్కాన్లూ ‘బాగుంది’ అనే చెబుతాయి. కానీ ఆ ఎముక పెళుసు. ఎముకను దట్టం చేస్తుంది కదా అని అమెరికాలో సోడియం ఫ్లోరైడ్‌ను మందుగా ఇచ్చి చూశారు. 1990లో వచ్చిన ఫలితాల్లో వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. పూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. కాబట్టి మీ ఊరు, చిన్నప్పటి నుంచి తాగిన నీళ్ల సంగతి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. పళ్ల మీద గోధుమ రంగు మరకలు, మెడ, నడుము వంగకపోవడం ఉంటే అవీ చెప్పండి. ఇలాంటివాళ్లకు అంకె కంటే ఎక్స్‌రే, మనిషి పరిస్థితి ముఖ్యం.

రెండోది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవాళ్లే. రక్తం బాగా తక్కువగా ఉండి చాలాకాలం సాగితే, కొవ్వు ఉన్న చోట మళ్లీ రక్తం తయారుచేసే ఎర్ర మూలుగ మొలుస్తుంది. టీ1 బొమ్మ నల్లబడుతుంది, స్కోర్ అసలు కంటే మెరుగ్గా వస్తుంది. అందుకే హిమోగ్లోబిన్ తెలియకుండా ఎంఆర్‌ఐ స్కోర్‌కు అర్థం చెప్పకూడదంటాను. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది: క్యాన్సర్‌కు నడుము ప్రాంతంలో రేడియేషన్ తీసుకున్నవాళ్ల మూలుగ కొవ్వుగా మారి తెల్లగా మెరుస్తుంది. అక్కడా స్కోర్‌ను నమ్మలేం.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో డెక్సా మోసపోతుంది. టైప్ 2 మధుమేహంలో డెక్సా అంకె బాగున్నా ఎముకలు విరిగే అవకాశం ఎక్కువ. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న మనిషి మైనస్ 1.8 చూసి ఊపిరి పీల్చుకుంటే నాకు ఊపిరాడదు.

విటమిన్ డి సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. డెక్సాలో ఖనిజం తక్కువని తెలుస్తుందే గానీ, అది గుల్లబారడం వల్లనా, విటమిన్ డి లేక ఎముక మెత్తబడడం వల్లనా అన్నది తెలియదు. రక్త పరీక్ష చేయించకుండా గుల్లబారిన ఎముకలకిచ్చే మందు మొదలుపెట్టవద్దు.

ఎవరికి ఏది

ఏ నొప్పీ లేని, అరవై ఐదు దాటిన స్త్రీకి డెక్సా. ముట్లు త్వరగా ఆగిపోయినా, స్టెరాయిడ్లు నెలల తరబడి వాడినా, తల్లికో తండ్రికో తుంటి విరిగిన చరిత్ర ఉన్నా అంతకు ముందే చేయించుకోవాలి. డెబ్బై దాటిన పురుషులకూ ఇదే మాట. మన ఇళ్లలో తాతయ్యల ఎముకల గురించి ఎవరూ ఆలోచించరు, వాళ్లవీ విరుగుతాయి.

బాత్‌రూములో జారో, నీళ్ల బకెట్ ఎత్తుతుంటేనో నడుములో కలుక్కుమని, ఆ రోజు నుంచి పక్క మీద అటు ఇటు తిరగలేకపోతుంటే అది వేరే సందర్భం. అప్పుడు ముందు ఎక్స్‌రే, తర్వాత ఎంఆర్‌ఐ. ఇక్కడ ఎంఆర్‌ఐకి సాటి లేదు. కూలిన పూస కొత్తదా పాతదా అన్నది కొవ్వును అణిచి తీసే బొమ్మలో తెలిసిపోతుంది. కొత్తదైతే లోపలి వాపు తెల్లగా వెలుగుతుంది. వెన్నుకు పట్టిన టీబీని, పూసకు పాకిన క్యాన్సర్‌ను గుల్లబారి కూలిన పూస నుంచి వేరు చేయడంలోనూ ఎంఆర్‌ఐదే పైచేయి. రాత్రిళ్లు జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే డెక్సా దగ్గర ఆగిపోవద్దు.

ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు మూడింటినీ కలిపి చదివించుకోవాలి: తుంటి డెక్సా, ఉన్న ఎంఆర్‌ఐలో స్కోర్, సీటీ తీసి ఉంటే స్క్రూ దిగే పూస అంకె. అన్నీ ఒకే మాట చెబితే సందేహం లేదు. ఒకటి తేడాగా చెబితే ఎందుకో తేలేవరకు అడగండి. అయితే మూత్రం, మల విసర్జన అదుపు తప్పినా, పాదం పైకి లేవకుండా పోతున్నా ఈ పరీక్షల కోసం ఆగకూడదు, వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎంఆర్‌ఐ గది వైపు వెళ్లే ముందే ఆ సంగతి చెప్పాలి. నడుములో ఇప్పటికే స్క్రూలు ఉంటే లోహం బొమ్మను చెరిపేస్తుంది, ఆ పూసల్లో స్కోర్ కొలవలేం. వాళ్లకు తుంటి డెక్సాయే దారి.

టీచరమ్మకు చివరికి డెక్సా కూడా చేశాం. వెన్ను సగటు చూస్తే మైనస్ 1.2, పైకి ఏమంత భయపడాల్సింది లేదు. పూసపూసకూ చూస్తే మొదటిది మైనస్ 2.2, రెండోది మైనస్ 1.9, మూడోది మైనస్ 0.6, నాలుగోది మైనస్ 0.3. కింది రెండు పూసల అంచుల్లో ముళ్లు బొమ్మలోనే కనబడుతున్నాయి. వాటిని తీసేస్తే సగటు మైనస్ 2 దాటింది. తుంటి మైనస్ 2.6. సీడీలో చూసిన 3.4 ముందే అనుమానం రేపింది, తుంటి దాన్ని ఖాయం చేసింది. వెన్ను సగటు ఒక్కటే చూసి ఉంటే ఆ మెత్తని ఎముకలోకే స్క్రూలు దిగేవి. విటమిన్ డి కూడా బాగా తక్కువని తేలింది. కాలిలో బలం తగ్గలేదు కాబట్టి సర్జన్ గారు ఆపరేషన్ కొన్ని నెలలు వాయిదా వేసి, ముందు విటమిన్ డి సరిచేసి, ఎముకను పెంచే ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు.

మొన్న వాళ్లబ్బాయి ఫోను చేశారు. ఏడాది కావస్తోంది, డెక్సా మళ్లీ చేయించమన్నారట. ఇంటి దగ్గర కొత్తగా సెంటర్ పెట్టారు, అక్కడ తీయిస్తే అమ్మకు ప్రయాణం తప్పుతుంది కదా అని అడిగారు. రెండు యంత్రాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేమని, మందు వల్ల వచ్చిన మార్పేదో యంత్రం వల్ల వచ్చిన తేడా ఏదో తెలియకుండా పోతుందని చెప్పాను. శ్రమయినా పాత యంత్రం దగ్గరికే తీసుకురమ్మన్నాను. వచ్చే బుధవారం తీసుకొస్తున్నారు.